కంప తీసేసిన రోజు

ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు గంటలకు స్థలంలో ఏడుగురం ఉన్నాం. నేను, మేస్త్రీ, అతని కింద తీగ లాగే ఫిట్టర్లు ముగ్గురు, భూమి కొన్న బెంగళూరు ఆసామి తరఫున వచ్చిన మేనేజరు, ఆయన కారు డ్రైవరు. వస్తువుల సంగతికొస్తే ఒక డిజిటల్ కెమెరా, యాభై మీటర్ల టేపు, మోచేతుల దాకా వచ్చే తోలు గ్లౌజులు నాలుగు జతలు, బోల్టు కట్టర్ ఒకటి, పనిముట్ల ఇనుప పెట్టె, దాని తాళంచెవి, నా ఫైలు, రేజర్ వైరు చుట్టలు నాలుగు. నాలుగింటిలో మూడు అప్పటికే రెండు ఇనుప గుంజల మధ్య పరిచి ఉన్నాయి. వాటి ముందు, కాలిదారికి అడ్డంగా, ఒక తుమ్మ కంప పడి ఉంది.

పన్నెండున్నరకు కంప అక్కడ లేదు. దాన్ని తీసింది నేను.

ఇటువంటి జ్ఞాపకాలు అరవై ఏళ్ళకు ఉద్యోగం దిగినవాళ్ళు తీరిగ్గా రాయాలి. నేను ఇరవై ఆరేళ్ళకే ఆ పనిలోంచి దిగిపోయాను కాబట్టి ముందుగానే రాస్తున్నాను. డిప్లొమా చేతపట్టుకుని మొదటి సైటుకు బస్సెక్కబోయే మీ కోసం ఇది. కొలతలు మీకు ఎలాగూ నేర్పుతారు. కొలతల్లో పడనిది ఒకటి ఉంటుంది. అది నాకు ఎవరూ నేర్పలేదని అనలేను. మేస్త్రీ నేర్పబోయాడు, నేనే వినలేదు.

మాది చింతామణి. అంగడి కుటుంబం. బడిలో కన్నడ, ఇంట్లో తెలుగు; తెలుగు రాయడం నాన్న దగ్గర నేర్చుకున్నాను. సివిల్ డిప్లొమా అయ్యాక చిక్కబళ్ళాపురలో కంచెలు వేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో సైటు సూపర్‌వైజరుగా చేరాను. చిక్కబళ్ళాపుర అప్పుడే కొత్తగా జిల్లా అయింది. కొత్త ఎయిర్‌పోర్టు వస్తోందని బెంగళూరు వాళ్ళు హైవే పొడవునా భూములు కొనేస్తున్న కాలం. కొన్నవాళ్ళు ముందుగా చేసే పని కంచె వేయడం. అందుకని మాకు పనికి కొదవ ఉండేది కాదు.

నేను ఒంటరిగా చూసుకున్న మొదటి సైటు బాగేపల్లికి ఎనిమిది కిలోమీటర్ల అవతల, హైవే నుంచి లోపలికి. ఇరవై ఎకరాల మెట్ట. చుట్టుకొలత పదకొండు వందల నలభై మీటర్లు. మూడు మీటర్లకొక ఇనుప గుంజ, గుంజల మధ్య చైన్‌లింక్ జాలీ, పైన రేజర్ వైరు. రేజర్ వైరంటే మీకు తెలిసిన ముళ్ళతీగ కాదు. గట్టి ఉక్కు తీగకు రెండు వైపులా చిన్న చిన్న బ్లేడు ముక్కలు రెక్కల్లా ఉంటాయి. చుట్టలుగా వస్తుంది, లాగితే స్ప్రింగులా సాగుతుంది. అక్కడివాళ్ళు దాన్ని బ్లేడు తీగ అన్నారు. ఆ పేరే సరైంది.

మేస్త్రీకి యాభై దాటాయి. ద్రాక్షతోటలకు రాతి కూసాలు పాతి, ముళ్ళతీగ లాగి బతికినవాడు. టేపు కన్నా తన అడుగులనే నమ్మేవాడు. మొదటి రోజు చుట్టూ నడిచి వచ్చి, రాగిముద్ద తిని, చెయ్యి కడుక్కుంటూ అడిగాడు.

"లోపల ఏముండాదని సార్, ఇంత బందోబస్తు?"

"ఏమీ లేదు మేస్త్రీ."

"ఏమీ ల్యాకుంటే బ్లేడు ఎందుకు?"

"ఎవరూ రాకూడదని."

"ఏమీ ల్యానిచోటికి ఎవురొస్తారప్పా!"

ఫిట్టర్లు నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ స్థలంలోకి వచ్చేవాళ్ళున్నారు. ఉత్తరాన ఇరవై ఇళ్ళ పల్లె ఒకటి ఉంది. దక్షిణాన రోడ్డు పక్కన పాల డెయిరీ. పల్లె నుంచి డెయిరీకి కాలిదారి మా ఇరవై ఎకరాల మధ్యలోంచి పోయి, రోడ్డు వైపు మేము తెరిచి ఉంచిన గేటు చోట బయటపడుతుంది; కంచె దాన్ని కోసేది ఉత్తరాననే. డెయిరీ వ్యాను పొద్దున ఆరున్నరకు వస్తుంది. పక్క భూములకూ అప్పటికే కంచెలు పడ్డాయి కాబట్టి చుట్టూ తిరిగి పోవాలంటే రెండు కిలోమీటర్లు ఎక్కువ. ఆ దారి నాకిచ్చిన పటంలో లేదు. పటంలో లేదు కాబట్టి నా ఫైలులోనూ లేదు.

ఆ దారిన రోజూ నడిచేవాళ్ళలో ఒకామె మాకు బాగా తెలిసింది. రెండు ఆవులున్నాయి. తెల్లవారక ముందే తనే పాలు పిండి, అల్యూమినియం క్యాను నెత్తిన పెట్టుకుని డెయిరీకి పోయేది. వెనకాల కోడలు. మాపటేళ కూడా అంతే. డెయిరీలో ఆమె పాలకు మంచి పేరు. "నా చేతికి తప్ప ఆ ఎర్రావు ఇంకెవురికీ పాలియ్యదు. నా కోడలు పొయ్యి కూసుంటే తన్నుతాది" అని గర్వంగా చెప్పుకునేది. డెయిరీ నుంచి తిరిగి వచ్చేటప్పుడు కాసేపు నిలబడి మా పనిని చూసి ఏదో ఒకటి అనకుండా పోయేది కాదు.

"ఏమప్పా ఇంజినీరూ, మా పల్లెకి జైలు కడతాండావా?"

"జైలు మీకు కాదమ్మా, ఈ నేలకి."

"నేల యాడికి పారిపోతాదని? అయితే ఈ తీగతో మీ బెంగళూరు సార్లు గడ్డాలు గీక్కుంటారేమో, మిగిలితే మా ఇంటాయనకీ రవ్వంత ఇయ్యి. నెల నుంచి మాసిపొయ్యుండాడు."

మరుసటి రోజు ఒక చెంబు మజ్జిగ తెచ్చిచ్చింది. గడ్డం తీగ ఇవ్వకపోయినా ఫర్వాలేదంది.

తీగ లాగడం మొదలుపెట్టే ముందు నేను మేస్త్రీకీ ఫిట్టర్లకూ ఒక పాఠం చెప్పాను. ఆ సైటులో నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే అనుకుంటాను. అరటి బొందకు గోనెసంచి చుట్టి, చుట్టకేసి ఒత్తి, వెనక్కి లాగాను. సంచి, బొంద రెండూ చీలిపోయాయి. "చూశారా, ఒత్తినప్పుడు కొంచెమే దిగింది. లాగినప్పుడే చీల్చింది. ఎవరైనా చిక్కుకుంటే లాక్కోకూడదు, ఇంకొకరు లాగకూడదు. కదలకుండా నిలబడాలి. పక్కవాడు రెండు వైపులా తీగను కట్టర్‌తో కత్తిరించాలి." నలుగురి చేతా మళ్ళీ చెప్పించాను. ఫైలులో టిక్కు పెట్టాను.

మేస్త్రీ చీలిన బొందను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "ముల్లు చెప్పి గుచ్చుతాది సార్. ఇది చెప్పకుండానే కోస్తాది" అన్నాడు.

నేను దాన్ని పొగడ్త అనుకున్నాను.

మేస్త్రీ పనిని కాలిదారికి రెండు వైపుల నుంచీ మొదలుపెట్టాడు. దారి దగ్గరి రెండు గుంజల మధ్య సందును చివరికి మిగిల్చాడు. కావాలనే చేశాడు. అడిగితే, "దారికి సందు ఇడిసిపెట్టల్ల సార్. పసరం దూరకూడదు, మనిషి దూరల్ల. మా పక్క ఏ కంచెకైనా అట్లే" అన్నాడు. పటంలో సందు లేదన్నాను. "పటం గీసినాయన ఈ దారిన నడిచినాడా?" అన్నాడు. నేను పటాన్ని ఇంకోసారి విప్పి చూపించాను. కాగితం విప్పితే వాదన ముగిసిందనుకునే వయసు నాది.

చివరికి వచ్చేసరికి జాలీ చాలలేదు. మీరు ఈ తప్పు చేయకండి. కాగితం మీద నేల చదునుగా ఉంటుంది. అసలు నేలలో వాననీళ్ళు పారే వంకలు రెండున్నాయి. వంకలోకి దిగి ఎక్కిన పొడవును నేను లెక్కలోకి తీసుకోలేదు. జాలీ ముక్కల అతుకులనూ సరిగ్గా లెక్కేయలేదు. మొత్తం మూడు మీటర్లు తగ్గింది. అంటే సరిగ్గా ఒక సందు. మిగిలిన సందు అదే. కొత్త జాలీ రావడానికి పది రోజులు పడుతుందన్నారు. మేనేజరేమో రేపే వచ్చి పని పూర్తయినట్టు ఫోటోలు తీసుకుంటానన్నాడు. చిక్కబళ్ళాపుర ఆఫీసుకు ఫోన్ చేశాను. "జాలీ వచ్చేదాకా సందులో రేజర్ చుట్టలు పరిచెయ్. కింద రెండు, పైన ఒకటి. మనిషి కాదు కదా, కుక్క కూడా దూరదు" అన్నారు. చుట్టలు నాలుగు మిగిలి ఉన్నాయి. సమస్య తీరిందనుకున్నాను.

మేస్త్రీతో చెప్పాను. అతను పనిముట్లు కింద పెట్టేశాడు.

"దారి మూసేదే ఖాయమంటే, ముందు కంప ఏయల్ల సార్."

"కంప ఎందుకు? బ్లేడు తీగే వేస్తుంటే?"

"అంగడోళ్ళ పిల్లోడివి, నీకు తెలీదులే. దారి మూయాలనుకున్నోడు మొదాట ఒక తుమ్మ కంప అడ్డమేస్తాడు. ఊళ్ళో వాళ్ళు చూస్తారు. ఓహో, ఈడ దారి మూస్తాండారు అనుకుంటారు. పెద్దోళ్ళు వచ్చి అడుగుతారు. తగువో సర్దుబాటో, ఏదో ఒకటి అవుతాది. ఆ మాట తేలినాక, దారి ఇడుస్తామంటే కంప తీసేస్తారు. మూస్తామంటే కంచె ఏస్తారు. అదీ పద్ధతి."

"ఒక్క కంపకి ఇంత కథా!"

"కథ కాదప్పా. కంప మాట్లాడతాది."

మేస్త్రీ పోయి వంక గట్టున తుమ్మ కొమ్మ ఒకటి కొట్టి, ఈడ్చుకొచ్చి, దారికి అడ్డంగా వేశాడు. నేను ఆపలేదు. అప్పటికి ఆపేంత పట్టింపు కూడా నాకు లేదు.

ఆ కంప నిజంగానే మాట్లాడింది. సాయంత్రానికి పల్లె నుంచి ముగ్గురు పెద్దవాళ్ళు వచ్చారు. కంప దగ్గర ఆగారు. దాన్ని దాటలేదు, పక్కకు లాగలేదు. అటువైపు నుంచే ఒకాయన అడిగాడు.

"ఏమప్పా, కంప పడిండాది?"

"మేము పనివాళ్ళం పెద్దాయనా. భూమి వాళ్ళ మేనేజరు రేపు వస్తాడు."

"అయితే ఆయనకి చెప్పు. మనిషి పట్టేంత సందు చాలు. మాకు గేటూ వద్దు, రోడ్డూ వద్దు. పాలోళ్ళు పొయ్యేదానికి."

"చెప్తాను" అన్నాను.

"నువ్వు చెప్తానంటే మేము సోమవారం దాకా రాము. ఏమైందనేది కంపే చెప్తాదిలే" అని వెళ్ళిపోయారు. ఆ చివరి మాటను నేను మర్యాదకు అన్నదిగా విన్నాను. పాలామె, కోడలు ఆ మాపటేళ చుట్టూ తిరిగి డెయిరీకి పోయారు.

మరుసటి రోజు పొద్దున చుట్టలు పరిచాం. మేనేజరు పదకొండున్నరకు వచ్చాడు. నేను నా మాట నిలబెట్టుకున్నాను. పల్లెవాళ్ళు సందు అడుగుతున్నారని చెప్పాను. ఆయన చేతిలోని కాగితాలు తిరగేసి, ఇందులో దారి లేదే అన్నాడు. నేను ఫైలులో చూపించలేకపోయాను. అంతటితో అయిపోయింది. అర నిమిషం పట్టిందేమో. ఆ సమాధానాన్ని పల్లెకు చేరవేయాలని నాకు తట్టలేదు. సోమవారం వస్తారుగా అనుకున్నాను.

ఆయన కెమెరా తీసి సందు వైపు చూసి మొహం చిట్లించాడు. "ఏనిదు కసా?" అన్నాడు కన్నడలో. ఈ చెత్త ఏమిటని. మా పనిపూర్తి జాబితాలో పద్నాలుగో అంశం "స్థల శుభ్రత". కంప నాకు ఆ అంశంగా కనిపించింది.

"మేస్త్రీ, దాన్ని తీయించండి."

మేస్త్రీ కదల్లేదు. "సార్, కంప తీసేస్తే..."

"తీగే ఉంది కదా! తీగ కన్నా కంప గొప్పదా?"

"నేనేసిన కంప నేను తీయను సార్. మాట తేలకుండా తీయరాదు."

మేనేజరు ముందు మాట పోతోందని నాకు కోపం వచ్చింది. మేస్త్రీ గ్లౌజులు అడిగి తొడుక్కుని, కంపను నేనే ఈడ్చుకుపోయి వంకలో పడేశాను. ముళ్ళు గ్లౌజుల్లోంచి ఒకటి రెండు చోట్ల గుచ్చుకున్నాయి. ఫోటోలు బాగా వచ్చాయి. చుట్టలు కొత్తవి కాబట్టి ఎండలో మెరిశాయి. మేనేజరు వెళ్ళాక పనిముట్లు లెక్కపెట్టి, ఇనుప పెట్టెలో సర్ది, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని బాగేపల్లిలోని నా గదికి వెళ్ళిపోయాను. మేస్త్రీ, ఫిట్టర్లు సైటు మూలన రేకుల షెడ్డులోనే ఉండేవారు. కాపలామనిషి సోమవారం నుంచి వస్తాడు.

ఇక్కడి నుంచి జరిగింది నేను చూడలేదు. ముగ్గురు నాకు వేర్వేరుగా చెప్పారు, మూడూ కలిశాయి.

ఆ మాపటేళ కూడా ఇద్దరూ చుట్టూ తిరిగే పాలు పోసొచ్చారు. తర్వాత పొద్దుగూకే వేళ కోడలు చేను నుంచి వస్తూ దూరపు గట్టు మీంచి చూసింది. దారి మీద కంప లేదు. తీగ చుట్టలు బూడిదరంగువి, అంత దూరానికి కనపడవు. ఇంటికొచ్చి అత్తతో చెప్పింది. అత్త పక్కింటివాళ్ళతో చెప్పింది. ఆ ఇంజినీరు పిల్లోడు మాట చెప్పినట్టుండాడు, దారి ఇడిసినారు అని పల్లెలో నా గురించి మంచిగా మాట్లాడుకున్నారట.

పొద్దున మంచు దట్టంగా పడింది. మా వైపు చలికాలంలో పది అడుగుల అవతలి మనిషి కనపడడు. ఆమె ముందు, కోడలు వెనక. నెత్తిన క్యాను. నడిచే దారి కాళ్ళకు తెలిసిందే కాబట్టి వేగంగానే నడుస్తోంది. మొదట చీర తగులుకుంది. ముల్లనుకుంది. కాలు విదిలించింది. క్యాను పడిపోయింది. వంగి, కాలికి పట్టుకున్నదాన్ని కుడిచేత్తో గట్టిగా పట్టి లాగింది, తుమ్మ కొమ్మను లాగినట్టు. కోడలు వెనక నుంచి అత్త భుజాలు పట్టి తనవైపు లాగింది.

అరుపులు విని మేస్త్రీ షెడ్డు నుంచి పరిగెత్తాడు. లాగొద్దు, లాగొద్దు అని అరుస్తూనే పోయాడట. కట్టర్ పెట్టెలో ఉంది. తాళంచెవి బాగేపల్లిలో నా జేబులో ఉంది. గడ్డపారతో పెట్టె పగలగొట్టేసరికి పల్లెవాళ్ళు ఇద్దరు వచ్చి, ఆమెను లాగి బయటికి తెచ్చేశారు. అది ఆ పాఠం విననివాళ్ళ తప్పు కాదు. పాఠం నేను నలుగురికే చెప్పాను. దారిన నడిచేవాళ్ళు నా జాబితాలో లేరు.

నేను ఏడున్నరకు చేరాను. అప్పటికి ఆమెను ఆటోలో బాగేపల్లి ఆస్పత్రికి తీసుకుపోయారు. పాలు మట్టిలో ఇంకిపోయి, అంచున తెల్లటి గీత మిగిలింది. మేస్త్రీ ఒక్కడే చుట్టల ముందు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు. నేను వస్తే లేవకపోవడం అదే మొదటిసారి.

ఆస్పత్రిలో కాలికీ చేతికీ కుట్లు వేశారు. చేతి నరాల సంగతి బెంగళూరులో చూపించమన్నారు.

ఆఫీసు నుంచి ఒక ఫారం పంపారు. అందులో "ప్రమాద కారణం" అని ఒక గడి. రెండు గంటలు దాని ముందు కూర్చున్నాను. చివరికి "అనధికార ప్రవేశం" అని ఇంగ్లీషులో రాశాను. అబద్ధం కాదు. పటం ప్రకారం పూర్తి నిజం. ఆఫీసులో నా రిపోర్టు చక్కగా ఉందని మెచ్చుకున్నారు.

మేస్త్రీ అడిగాడు. "ఏం రాస్తివి సార్?"

"దారి కాని చోట నడిచిందని."

అతను మెల్లగా, నన్ను తిట్టకుండా, నిజంగానే తెలియక అడిగినట్టు అడిగాడు. "నలభై ఏండ్లు నడిచింది కదప్పా. ఆ దారి యాడికి పాయె?"

ఆ వారమే పని వదిలేసి మంచేనహళ్ళి పక్క ద్రాక్షతోటల్లో కూసాలు పాతే పనికి పోయాడు. మా కంపెనీ ఫోన్ చేస్తే తీయలేదు. నేను చేస్తే తీశాడు కానీ, "బాగుండావా సార్" అని తప్ప ఏమీ మాట్లాడలేదు.

పది రోజుల తర్వాత జాలీ వచ్చింది. సందు మూసేశాం. అదే రోజు నేను ఆమె ఇంటికి వెళ్ళాను. తిడతారనే వెళ్ళాను. వసారాలో కూర్చుని ఉంది. కుడిచెయ్యి మోచేతి దాకా కట్టు. నన్ను చూసి కోడలితో మంచం వేయించింది.

"కూసో నాయనా. మజ్జిగ ఇయ్యలేను, ఆవు తంతాండాది" అంది. ఎర్రావు కోడలి చేతికి పాలివ్వడం లేదు. రెండో ఆవు కాస్త ఇస్తోందట.

నేను క్షమించమని ఏదో గొణిగాను. ఆమె అర్థం కానట్టు చూసింది.

"నువ్వేం చేస్తివి? నువ్వు మా కోసం చెప్తివి. ఆ బెంగళూరాయన ఒప్పుకుని మళ్ళీ మాట తప్పినట్టుండాడు. ల్యాకుంటే కంప ఎందుకు తీస్తారు? కంప ఉంటే నేను నిల్చిపోయుందును. కంప తీసేసినారంటే దారి ఇడిసినారనే కదా. ఎవురు తీసినారో గానీ, వాని చేతులు..."

శాపం పూర్తి చేయలేదు. కోడలు నీళ్ళ చెంబు తెచ్చింది. తాగాను.

మీలో ఎవరైనా నా చోట ఉంటే చెప్పేవారేమో. నేను చెప్పలేదు. ఆ చేతులు చెంబును పట్టుకుని ఉన్నాయి.

తర్వాత ఎనిమిది నెలలు ఆ పనిలో ఉన్నాను. పేరేసంద్ర దగ్గర ఒక గోదాము, చింతామణిలో రెండు కాంపౌండు గోడలు. ప్రతి సైటులో, తీగ కింద పెట్టకముందే, ఒక కంప కొట్టించి దారికి అడ్డం వేయించాను. మూడు రోజులు ఉంచేవాణ్ణి. జాబితాలో రాశాను కూడా. ఇదేంటని ఆఫీసులో నవ్వారు. ఆ నవ్వు నాకు తెలిసిన నవ్వే. రెండుసార్లు మాత్రం ఊరివాళ్ళు వచ్చి అడిగారు. ఒకచోట సందు వదిలించగలిగాను. తర్వాత చుట్టను సాగదీసిన ప్రతిసారీ నా చెయ్యి ఆగిపోవడం మొదలైంది. మానేశాను.

రేజర్ వైరు చెడ్డదని నేను చెప్పడం లేదు. ట్రాన్స్‌ఫార్మర్ల చుట్టూ, మందుగుండు గోదాముల చుట్టూ అది ఉండాల్సిందే. ఎవరినీ రావద్దని చెప్పేది కంచె. వచ్చాక శిక్షించేది బ్లేడు. మొదటి పని చేయకుండా రెండోదాన్ని పెట్టేస్తే అది కంచె కాదు. ఈ తేడా పుస్తకంలో లేదు. నాకు ఒక మేస్త్రీ చెప్పాడు, నేను అతని గ్లౌజులు తొడుక్కునే దాన్ని చెరిపేశాను.

ఇది రాసే ముందు, పోయిన నెల మళ్ళీ ఆ పల్లెకు వెళ్ళాను. ఇరవై ఎకరాల్లో ఇప్పటికీ ఏమీ లేదు. పాలామె పాలు పిండడం మానేసింది; ఎర్రావు ఇప్పుడు ఇంకొకరి ఇంట్లో ఉంది. ఈసారి చెప్పాను. కంప తీసింది నేనే అని. కోడలు లోపలికి వెళ్ళిపోయింది.

"అప్పుడే ఎందుకు చెప్పల్యా?" అంది పాలామె.

ఆమె కుడిచెయ్యి చాపి, నా ముందు పిడికిలి బిగించబోయింది.

"సూడు. ముద్ద పట్టుకునేదానికి చాలు. పిండేదానికి చాలదు."

చూశాను. ఐదు వేళ్ళలో వంగేవి రెండు.